ఫ్లాస్కులో హరీస్

తొమ్మిదేళ్ళ కిందట కడుపులో ముప్పాతిక వంతు కోయించి పారేయించుకున్న మనిషి, మళ్ళీ లావెక్కి, మళ్ళీ అదే బల్ల ఎక్కాల్సి వస్తే ఎలా ఉంటుందని ఎవరైనా సబీకాను అడిగి ఉంటే ఒక్క మాటలో చెప్పేది. రోతగా ఉంటుంది. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. చుట్టాలందరూ అడిగింది ఒక్కటే, "మళ్ళీ ఎలా వచ్చిందే ఇంత ఒళ్ళు?" అని. అడుగుతూనే ఆమె పళ్ళెంలో ఇంకో మాంసం ముక్క వేశారు.

సబీకాకు నలభై ఆరేళ్ళు. కువైట్‌లో, రుమైథియా పేటలోని ఒక ఆడపిల్లల ఉన్నత పాఠశాలలో ఉప ప్రధానోపాధ్యాయురాలు. వరండాలో ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, పన్నెండో తరగతి పిల్లలు కూడా పెదాల రంగు తుడిచేసుకుంటారు. లెక్కలు చెప్పిన మనిషి కనుక సాకులు వినే ఓపిక ఆమెకు లేదు. "పుస్తకం ఇంట్లో మర్చిపోయాను టీచర్" అన్న పిల్లను, మర్చిపోయావా, తేవాలనిపించలేదా, ఏది నిజమో చెప్పు అని నిలబెట్టి అడుగుతుంది. ఆమెకు పిల్లలు లేరు. భర్త బర్జస్ విద్యుత్ శాఖలో పనిచేస్తాడు. సాయంత్రం ఆరు దాటితే స్నేహితుల దివానియాలో పేక పట్టుకుని మగవాళ్ళ మధ్య కూర్చుంటాడు. ఇంట్లో ఏం జరిగినా "నీ ఇష్టం" అంటాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో అతని నోటి నుంచి ఆమె విన్నవాటిలో సగం ఆ మాటే.

మొదటి ఆపరేషన్ నాటికి ఆమె బరువు నూట పద్దెనిమిది కిలోలు. అప్పటికే పుట్టింట్లో కడుపు కోయించుకోని వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అన్న జర్రాహ్, వదిన నూరియా, పెద్దమ్మ కూతుళ్ళు ఇద్దరు, అందరూ పన్ను పీకించుకున్నంత తేలిగ్గా వెళ్ళి కోయించుకుని వచ్చారు. కాస్త తక్కువ తినమని ఒకరికొకరు చెప్పుకోవడం ఆ ఇంట్లో మర్యాద కాదు. కత్తి పెట్టించుకోమని చెప్పడానికి మాత్రం ఎవరికీ మొహమాటం లేదు.

ఆ ఆపరేషన్ తలచుకుంటే సబీకాకు ఈనాటికీ గుర్తొచ్చేది నొప్పి కాదు, గది. బిడ్డను కన్న బాలింత గదిని ముస్తాబు చేసినట్టు ఆసుపత్రి గదిని ముస్తాబు చేయించింది నూరియా. తలుపు దగ్గర తెల్లపూల తోరణం, కిటికీ కింద మూడంతస్తుల చాక్లెట్ల గోపురం, ఒక్కో చాక్లెట్ కాగితం మీద బంగారు రంగులో "సబీకాకు ఆరోగ్యం" అని అచ్చు. కాఫీ పోయడానికి ఇద్దరు మనుషులను కుదిర్చారు. మూడు రోజుల్లో అరవై మందికి పైగా ఆడవాళ్ళు వచ్చి, మంచం చుట్టూ కుర్చీలు వేసుకుని, ఖర్జూరాలు, నువ్వుల మిఠాయిలు, చాక్లెట్లు తిన్నారు. మంచం మీద మనిషి గంటకు మూడు చెంచాల నీళ్ళు మింగి, అవి కూడా నురగలా కక్కుతోంది. కడుపు కోయించుకున్న మనిషిని పరామర్శించడానికి వచ్చి, ఆమె ముఖం మీదనే మిఠాయి పొట్లాలు విప్పుకునే జాతిని నేను ఇంకెక్కడా చూడలేదు. చూడాలని కూడా లేదు.

ఏడాది తిరిగేసరికి ఆమె డెబ్బై కిలోలకు దిగింది. చుట్టాల్లో ఎవరి కూతురు లావుగా ఉన్నా "సబీకాను చూడు" అన్నారు. ఆ మాట మూడేళ్ళు వినిపించింది. తర్వాత వినిపించడం మానేసింది. కోసి చిన్నది చేసిన కడుపుకు ఒక పాడు గుణం ఉంటుంది. అన్నం ముద్ద, మాంసం ముక్క పోతే అడ్డం పడి ప్రాణం తీస్తుంది, వెన్న బిస్కెట్టు, చాక్లెట్టు, చక్కెర వేసిన పాల టీ పోతే మాత్రం దారి ఇచ్చి కూర్చుంటుంది. అవి ఎంత పోసినా జారిపోతాయి. సబీకా అలా రోజంతా కొంచెం కొంచెంగా, సొరుగులోంచి తీసి, ఎవరూ చూడకుండా తిన్నది. పళ్ళెం ముందు కూర్చుని తినలేదు కనుక తిన్నట్టు తనకే అనిపించలేదు. ఎనిమిదేళ్ళలో నూట పదమూడు అయింది.

బరువు ఒక్కటే అయితే ఆమె మళ్ళీ డాక్టరు గడప తొక్కేది కాదు. కడుపులోని పులుపు గొంతులోకి ఎగదన్నడం మొదలైంది. మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోతోంది. పొద్దున లేస్తే దిండు గలీబు మీద పసుపు మరక. వెనక పళ్ళు అరిగిపోయాయి. తన నోటి కంపు తనకే తెలిసి, స్టాఫు సమావేశాల్లో చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేది. స్కూలుకు బయల్దేరే ముందు ఊదు పొగ బట్టలకు పట్టించినట్టే నోటి ముందు కూడా పట్టుకునేది. ఆ కంపు కన్నా, దాన్ని దాచడానికి తాను పడే అవస్థ ఆమెకు ఎక్కువ అసహ్యంగా ఉండేది.

డాక్టర్ హాజిమ్ ఈజిప్టు మనిషి, ముక్కుసూటిగా మాట్లాడతాడు. గొట్టం వేసి చూసి, తెర మీద బొమ్మ చూపించాడు.

"ఇది మీ అన్నవాహిక కింది భాగం మేడమ్. లేత గులాబీ రంగులో ఉండాలి. చూడండి, ఎర్రగా నాలుకలు చాచినట్టు ఎలా ఉందో. పులుపు తగిలి తగిలి లోపలి పొర మారిపోతోంది. ఇలా వదిలేస్తే కొన్నేళ్ళకు క్యాన్సర్ అవ్వచ్చు, అవ్వకపోవచ్చు. నేనైతే చూస్తూ కూర్చోను."

"అంటే మళ్ళీ కోస్తారా?"

"కోసి, పేగును తెచ్చి పైన కలుపుతాను. పులుపు పైకి రాకుండా దారి మార్చడం. రెండోసారి కనుక మొదటిదంత తేలిక కాదు. ఇంకో సంగతి వినండి. మీ కాలేయం కొవ్వుతో ఉబ్బి పొట్ట మీద దుప్పటిలా పరుచుకుని ఉంది. దాన్ని పైకి ఎత్తితేనే నాకు దారి. మూడు వారాలు పల్చటి ద్రవాలు మాత్రమే తాగాలి. చక్కెర వద్దు, కొవ్వు వద్దు, పిండి వద్దు. అప్పుడు అది కుంచించుకుపోతుంది. లేకపోతే నేను లోపలికి చూసి, మూసేసి, బయటికి వచ్చేస్తాను. మళ్ళీ మూడు నెలల దాకా ముట్టుకోను."

సబీకా ఆ సంగతి బర్జస్‌కు తప్ప ఎవరికీ చెప్పకూడదని నిశ్చయించుకుంది. బర్జస్ "నీ ఇష్టం" అన్నాడు. ఆదివారం నుంచి ఆమె కట్టడి మొదలుపెట్టింది. కొవ్వు తీసిన కోడి సూపు, చక్కెర లేని టీ, డాక్టరు ఇచ్చిన పొడి కలిపిన నీళ్ళు. మూడో రోజే తల్లి ఫోన్ చేసింది.

"నా కూతురు కడుపు కోస్తారని నాకు ఊళ్ళోవాళ్ళు చెప్పాలా?" అంది తైబా.

"ఎవరు చెప్పారమ్మా?"

"నూరియా చెప్పింది. దాని పిన్ని కూతురు ఆ ఆసుపత్రిలో పేర్లు రాసుకునే చోట కూర్చుంటుందట. నీకు తల్లి లేదా? నేను చచ్చానా?"

"అమ్మా, ఈసారి ఎవరికీ తెలియకూడదనుకున్నాను."

"ఎవరికీ అంటే ఎవరికి? చుట్టాలు ఎవరికీలో వస్తారా? శుక్రవారం భోజనానికి రా. మాట్లాడుకుందాం."

ఖాదిసియాలోని తల్లి ఇంట్లో శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి రాకపోవడం అంటే తెగతెంపులు చేసుకోవడమే. సబీకా తన సూపును ఒక సీసాలో పోసుకుని వెళ్ళింది. నేల మీద పరిచిన గుడ్డ మధ్యలో మచ్‌బూస్ అన్నం పళ్ళెం, దాని మీద మసాలా పట్టించి వేయించిన గొర్రె మాంసం, పక్కన ఎర్రటి టమాటా పచ్చడి. చుట్టూ తొమ్మిది మంది. అందులో ఐదుగురికి కడుపు కోసి ఉంది.

అన్న జర్రాహ్ ఆమె సీసా చూసి నవ్వాడు. "అది తాగి నువ్వు బతుకుతావేమో కానీ, నిన్ను చూసి అమ్మ చచ్చిపోతుంది."

"నీకేం అన్నయ్యా, నువ్వు తిను."

"తింటున్నాగా. మళ్ళీ లావైతే మళ్ళీ కోయించుకుంటా. డాక్టర్లు ఎక్కడికి పోతారు?"

అన్నట్టుగానే తిన్నాడు. ఎనిమిది ముద్దలు తిని, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, లేచి చేతులు కడిగే గదిలోకి వెళ్ళాడు. లోపలి నుంచి కక్కుతున్న చప్పుడు అందరికీ వినిపించింది. ఎవరూ తల ఎత్తలేదు. ముఖం కడుక్కుని, మీసాలు తుడుచుకుని వచ్చి మళ్ళీ కూర్చుని పళ్ళెంలో చెయ్యి పెట్టాడు. తర్వాత పెద్దమ్మ కూతురు వెళ్ళి వచ్చింది. ఆమె తర్వాత నూరియా. ఇదంతా కొత్త కాదు, ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో శుక్రవారం భోజనం ఇలాగే జరుగుతోంది. కానీ ఖాళీ నోటితో పక్కన కూర్చుని చూడటం సబీకాకు అదే మొదలు. చేతులు కడిగే గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా పుల్లటి వాసన, దాని వెంబడే దాన్ని కప్పడానికి పెట్టిన ఊదు వాసన వచ్చాయి.  వీళ్ళు నా వాళ్ళు అనుకుంది, అనుకున్నందుకు ఇంకా అసహ్యం వేసింది.

టీ వేళకు తల్లిని పక్కకు పిలిచింది. "అమ్మా, నాకో మాట ఇవ్వు. గది అలంకరించకూడదు. చాక్లెట్లు వద్దు, పూలు వద్దు, మనుషులు వద్దు. నువ్వొక్కదానివే రా."

"సరేలే."

"సరేలే కాదు. ఒట్టు పెట్టు."

"అల్లా మీద ఒట్టు. నేనేమీ అలంకరించను. అయినా నువ్వు ఎట్లా ఉన్నావో చూడు, చెంపలు లోపలికి పోయాయి. ఒట్టి కడుపుతో కత్తి కిందికి వెళ్తావా? లోపల సత్తువ లేనిదే పుండు మానుతుందా?"

నూరియా అవతల నుంచి వింటూ టీ తాగుతోంది. 

తైబా గురించి ఒక మాట చెప్పాలి. డెబ్బై రెండేళ్ళ మనిషి, ఇరవై ఏళ్ళుగా చక్కెర జబ్బు. ఆమె తండ్రి ముత్యాల పడవల్లో పనిచేసినవాడు. చమురు డబ్బు రాక ముందు, పడవలు తిరిగి వచ్చేదాకా ఇంట్లో ఖర్జూరాలు లెక్కపెట్టి పంచేవాళ్ళని తన తల్లి చెప్పగా విన్నది. రొట్టె ముక్క నేల మీద కనబడితే ఈనాటికీ తీసి, ముద్దు పెట్టి, గోడ మీద పెడుతుంది. ఆమె దృష్టిలో లావు జబ్బు కాదు. ఆకలే జబ్బు. ఇది తెలిసి కూడా ఆమెను క్షమించాలనిపించని రోజులు సబీకా జీవితంలో చాలా ఉన్నాయి.

మర్నాడు శనివారం, తైబా కారు డ్రైవరు ఒక పెద్ద స్టీలు ఫ్లాస్కు తెచ్చి ఇచ్చాడు. లోపల కోడి సూపు, కొవ్వు తీసి, పల్చగా ఉంది. సబీకా తాగింది. మనసులో తల్లిని మెచ్చుకుంది కూడా. ఆదివారం ఫ్లాస్కు స్కూలుకే వచ్చింది. మూత తియ్యగానే గదంతా నెయ్యి, దాల్చినచెక్క వాసన నిండింది. ఆమె తలుపు మూసి ఫోన్ చేసింది.

"అమ్మా, ఇదేంటి?"

"ద్రవమే. నేనే ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగాను, ఏం ఇవ్వాలని. ద్రవాలన్నారు. వంచి చూడు, పడుతుందా లేదా?"

సబీకా వంచి చూసింది. నెమ్మదిగా, చిక్కగా, కానీ పడింది. "ఇది హరీస్ కదమ్మా."

"గోధుమలు, మాంసం మెత్తగా ఉడకబెట్టి, రుబ్బి, గుడ్డలో పోసి పిండాను. పిప్పి అంతా పైనే ఉండిపోయింది. నా భుజం పడిపోయింది తెలుసా? పళ్ళతో నమిలేది ఏదైనా ఉందేమో చూపించు."

"నెయ్యి?"

"నెయ్యి ద్రవం కాదా?"

ఇది మా వాళ్ళు మాత్రమే చెయ్యగల పొరపాటు. డాక్టరు చెప్పిన మాటను అక్షరం తప్పకుండా పాటించి, లోపల ఉన్నదంతా నాశనం చేస్తారు. సబీకా ఫోన్ పెట్టేసి ఫ్లాస్కు కేసి చూసింది. పారబోయాలని లేచింది. గదిలో చేతులు కడిగే తొట్టి ఉంది, నాలుగు అడుగులు. చిన్నప్పుడు జ్వరం వస్తే తల్లి ఈ హరీస్‌నే గిన్నెలో పెట్టి, మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి, వేలితో నాకించేది. అమ్మ చేత్తో పిండిందని, పారబోస్తే పాపమని, ఒక్క కప్పు తాగి ఆపేస్తానని అనుకుంది. ఫ్లాస్కు అడుగు కనిపించేదాకా తాగింది.

ఆ తర్వాత రోజూ ఫ్లాస్కు వచ్చింది. రోజూ ఆమె తలుపు మూసుకుంది. పిల్లల సాకులు ఒక్క నిమిషం వినని ఆ మనిషి తనకు తాను చెప్పుకున్న సాకులు వింటే నవ్వొస్తుంది. అమ్మ కష్టపడింది. అమ్మ బాధపడుతుంది. నేను అడగలేదు, ఆవిడే పంపింది. ద్రవమే కదా. మొదటి వారం మూడు కిలోలు తగ్గింది. రెండో వారం, మూడో వారం కలిపి రెండు కిలోలు తిరిగి వచ్చాయి. ఆపరేషన్ ముందురోజు తూకం వేసిన నర్సు కాగితం చూసి, "మేడమ్, కట్టడి పాటించారా?" అని అడిగింది.

"ద్రవాలు తప్ప ఏమీ తీసుకోలేదు," అంది సబీకా. అబద్ధం కాదు కదా అని తనకు తాను చెప్పుకుంది.

మర్నాడు ఆదివారం పొద్దున ఆమెను బల్ల మీద పడుకోబెట్టారు. మత్తు ఎక్కే ముందు ఆమె తలచుకుంది ఒక్కటే. దేవుడా, ఇంకో మూడు నెలలు ఈ పులుపుతో నా వల్ల కాదు.

కళ్ళు తెరిచేసరికి ముందు వాసన తగిలింది. ఏలకుల కాఫీ, ఊదు, చాక్లెట్. తర్వాత మాటలు వినిపించాయి. కళ్ళు నిలిచాక తెల్లపూల తోరణం కనిపించింది. కిటికీ కింద ఈసారి గోపురం నాలుగంతస్తులు. గది నిండా ఆడవాళ్ళు. పెద్దమ్మ కూతుళ్ళు, స్కూలు టీచర్లు ఇద్దరు, ఎదురింటి ఆవిడ, ఎవరో తెలియని ముసలావిడ. నూరియా ఫోన్ పట్టుకుని అన్నీ తీస్తోంది. తైబా మంచం పక్కన కుర్చీలో, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

"లేచింది, లేచింది," అంటూ నూరియా వంగి బుగ్గలు ముద్దు పెట్టుకుంది. ఆమె నోట్లో చాక్లెట్ ఉంది. "హమ్మయ్య, తేలికపడ్డావు సబీకా."

సబీకా తల్లి వైపు చూసింది. తైబా చూపు తిప్పుకుంది. "నేను అలంకరించలేదమ్మా. ఒట్టు నాది, నూరియాది కాదు కదా."

పొట్ట మీద ఐదు చోట్ల పట్టీలు, లోపల గాలి నింపిన నొప్పి. అయిపోయింది, ఇక వీళ్ళు ఏమైనా చేసుకోనీ అని సబీకా కళ్ళు మూసుకుంది. చుట్టూ చాక్లెట్ కాగితాలు చిటపటలాడుతూనే ఉన్నాయి. ఎవరో ముసలావిడ "మా కోడలికి కూడా ఇదే డాక్టరు చేశాడు, ఇప్పుడు పుల్లలా ఉంది, మొగుడు మళ్ళీ చూడటం మొదలుపెట్టాడు," అంటోంది. ఇంకెవరో కాఫీ ఇంకాస్త పొయ్యమంటున్నారు. పచ్చి పుండు పక్కన కూర్చుని నవ్వుతూ నములుతున్న ఆ నోళ్ళు వింటుంటే సబీకాకు డోకు వచ్చింది. డోకితే కుట్లు లాగుతాయని పళ్ళు బిగపట్టింది.

డాక్టర్ హాజిమ్ వచ్చాడు. ఆడవాళ్ళు అబాయాలు సర్దుకున్నారు. ఎవరూ లేవలేదు. నూరియా అతని ముందుకు చాక్లెట్ పళ్ళెం చాచింది. అతను దాన్ని, పూలను, గోపురాన్ని చూసి, "మీరంతా కాసేపు బయటికి వెళితే నేను పేషెంటుతో మాట్లాడాలి," అన్నాడు.

"మేం పరాయివాళ్ళమా డాక్టర్? చెప్పండి," అంది నూరియా.

"చెప్పండి," అంది సబీకా కూడా. "బయట నిలబడినా వింటారు."

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "చెయ్యలేదు మేడమ్."

గదిలో చప్పుడు ఆగింది. మూలన ఎవరో నములుతున్న చప్పుడు ఒక్కటే ఇంకాస్త సేపు వినిపించింది.

"కెమెరా పెట్టి చూశాను. కాలేయం పసుప్పచ్చగా, మందంగా, అంచులు మొద్దుబారి ఉంది. ఎత్తబోతే జారిపోయింది. ఇంకాస్త బలంగా ఎత్తితే చిరిగి రక్తం కారేది. మూసేసి బయటికి వచ్చాను. కట్టడి పాటించిన మనిషి కాలేయం కాదది. మూడు వారాలు ఏం తాగారు?"

సబీకా కన్నా ముందు తైబా మాట్లాడింది. "ద్రవమే తాగింది నాయనా. నా చేత్తో వడగట్టి పంపాను."

"ఏం వడగట్టారమ్మా?"

"హరీస్." ఆ ముసలి గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

"నెయ్యి వేశారా?"

"నెయ్యి లేని హరీస్ ఎక్కడుంటుంది?"

డాక్టరు ముసలమ్మ మీద కోపం తెచ్చుకోలేదు. సబీకా వైపు చూశాడు, అంతే. ఆ చూపు అర్థం కాని మనిషి కాదు సబీకా. తాను అదే చూపు పిల్లల మీద ఇరవై ఏళ్ళుగా వాడుతోంది.

కానీ ఆడవాళ్ళు తైబా మీద పడ్డారు. "అత్తయ్యా, నువ్వా ఇంత పని చేసింది?" అంది నూరియా, ఫోన్ కిందికి దించి. "పిన్నీ, డాక్టరు చెప్పాక నెయ్యి ఎలా పోశావు?" అంది పెద్దమ్మ కూతురు. "పాపం పిల్లకు తెలిసుండదు," అంది ఎదురింటి ఆవిడ. తైబా ఒక్కొక్కరి ముఖం చూస్తూ కుర్చీలో వెనక్కి వెనక్కి జరిగింది. "ద్రవం అన్నారు... నేను గుడ్డలో..." అంటూ కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకుంది. గోధుమలు పిండిన భుజం.

ఇక్కడ ఊరుకుంటే సబీకా బతికిపోయేది. మూడు నెలల పాటు, ఆ తర్వాత ఎన్నేళ్ళయినా, తప్పు తల్లిదే. ఆమె నోరు తెరవబోయి, ఒక్క క్షణం ఆ తీపి ఆశ కూడా పడింది. పడినందుకు తన మీద తనకు కలిగిన అసహ్యం, ఆ గదిలో వాళ్ళందరి మీదా కలిగినదాని కన్నా ఎక్కువ.

"అమ్మను అనకండి," అంది.  "నాకు తెలుసు. మూత తీసిన మొదటి రోజే తెలుసు. తొట్టి నాలుగు అడుగుల దూరంలో ఉంది, పారబోయలేదు. పద్నాలుగు ఫ్లాస్కులు తలుపు మూసుకుని తాగాను. నర్సు అడిగితే అబద్ధం చెప్పాను. ఇక వెళ్ళండి. అందరూ వెళ్ళండి."

డాక్టరు తల ఆడించి, మూడు నెలల తర్వాత తేదీ రాయిస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు లేచారు. ఒక్కొక్కరూ ఆమె చెయ్యి నొక్కి, "దేవుడు మంచి చేస్తాడు" అన్నారు. వెళ్తూ వెళ్తూ అలవాటు ప్రకారం తలుపు దగ్గర పేర్చిన చాక్లెట్ పొట్లాలు తలా ఒకటి తీసుకున్నారు. జరగని ఆపరేషన్ శుభాకాంక్షలు ఆమె పేరుతో సహా చేతిసంచుల్లో పడ్డాయి. నూరియా రెండు తీసుకుంది.

గదిలో తల్లీ కూతురూ మిగిలారు.  తైబా లేచి, గోపురం నుంచి ఒక చాక్లెట్ తీసి, కాగితం విప్పి మంచం దగ్గరికి వచ్చింది.

"కొయ్యలేదుగా అమ్మా. నిన్న రాత్రి నుంచి నీ నోట్లో ఏమీ పడలేదు. ఇదొక్కటి వేసుకో."

సబీకా నోట్లో నీళ్ళూరాయి. కుట్లు నొప్పి పెడుతున్నాయి, గొంతులో పులుపు మండుతోంది, అయినా ఊరాయి. ఆమె తల్లి మణికట్టు పట్టుకుని ఆపింది.

"అమ్మా, నేను ఒకటి చెబుతాను విను. నువ్వు పంపితే నేను తాగుతాను. వద్దనే శక్తి నాకు లేదు. ఇప్పుడు ఇది నోటి దాకా తెచ్చినా తింటాను. అందుకని పంపకు. నువ్వు రోజూ ఇంటికి రా, నా పక్కన కూర్చో. చేతిలో మాత్రం ఏమీ తేవద్దు."

"ఉత్త చేతులతోనా?" తైబా బిత్తరపోయింది. "ఉత్త చేతులతో కూతురి గడప ఎలా తొక్కనే? బర్జస్ ఏమనుకుంటాడు?"

"ఏమనుకుంటాడు, నీ ఇష్టం అంటాడు. నువ్వు రా."

"వచ్చి ఏం చెయ్యను మరి?"

సబీకా, నలభై ఆరేళ్ళలో తల్లి తన దగ్గరికి వచ్చి ఏమీ పెట్టకుండా కూర్చున్న రోజు ఒక్కటైనా గుర్తు తెచ్చుకోవాలని చూసింది. గుర్తు రాలేదు. మణికట్టు మాత్రం వదల్లేదు.

"సరే," అంది తైబా చివరికి, చాలా చిన్న గొంతుతో. "ఉత్త చేతులతోనే వస్తాను."

సబీకా మణికట్టు వదిలింది. చాక్లెట్ తైబా వేళ్ళ మధ్య కరుగుతోంది. కాగితం అప్పటికే కింద పడింది. ఆమె చెత్తబుట్ట వైపు చూసింది, మళ్ళీ గోపురం వైపు చూసింది, విప్పినదాన్ని తిరిగి పెట్టలేదు కదా. తినేదాన్ని పారేయడం ఆమెకు తెలియదు. చక్కెర జబ్బు మనిషి, కూతురి ముఖం చూడకుండా, దాన్ని తన నోట్లో వేసుకుని నెమ్మదిగా చప్పరించింది.

సబీకా కళ్ళు తిప్పుకుందామనుకుంది, తిప్పుకోలేకపోయింది. తల్లి మింగినప్పుడు ఆమె కూడా గుటక వేసింది.